అమెరికా పాత పుస్తకాలలో మన ఊళ్ళు

పాత పుస్తకాలు పోగుచేసే వాళ్ళంటే మన వాళ్ళకు కొంత జాలి, కొంత వేళాకోళం. అందులోనూ మేము పోగుచేసేవి ప్రబంధాలూ శతకాలూ కావు. నూరు, నూటయాభై ఏళ్ళనాడు తెలుగుదేశానికి వెళ్ళిన అమెరికన్ మిషనరీలు రాసిన పుస్తకాలు. "పాదిరీల పుస్తకాలతో మీకేం పని? మతం గాని పుచ్చుకున్నారా?" అని విందులకు వచ్చిన మిత్రులు మా బీరువా చూసి అడుగుతూనే వుంటారు. పుచ్చుకోలేదు. మా పని వాళ్ళ మతంతో కాదు, ఆ పుస్తకాలలో వున్న మనుషులతో. 'మేము' అంటే ఇద్దరం: ఈ వ్యాసం రాస్తున్న డాక్టరు ఒకరు, పుస్తకాల దుమ్ము భరిస్తున్న ఇంటివారు ఒకరు.

చెప్పదలచుకున్న విషయం మొదటే చెప్పేస్తాము. మన తాతముత్తాతల కాలంలో నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, మదనపల్లె వైపు మామూలు జనం ఎలా బతికారు, ఏం తిన్నారు, ఏ జబ్బులతో పోయారు అనే చరిత్రలో కొంత భాగం మనం ఇప్పుడు వుంటున్న ఈ దేశంలోనే వుంది. చర్చి నేలమాళిగల్లో, మూతపడిన మతవిద్యాలయాల గ్రంథాలయాల్లో, అట్టపెట్టెల్లో వుంది. ఏటా కొంత చెత్తబండి ఎక్కుతూ వుంది. దాన్ని గుర్తుపట్టగలిగిన వాళ్ళం మనమే. ఊళ్ళ పేర్లు చదవడం మనకే వచ్చు.

1965 వలస చట్టం తరువాత మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఈ దేశానికి రావడం మొదలైంది. అంతకు 130 ఏళ్ళ ముందే ఇక్కడి నుంచి అక్కడికి ప్రయాణం సాగింది. 1835 సెప్టెంబరులో శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ బోస్టన్ రేవులో ఓడ ఎక్కి, 1836లో కలకత్తా మీదుగా విశాఖపట్నం చేరాడు. తరువాత శ్రీకాకుళంలో కొన్నాళ్ళు, మద్రాసులో కొన్నాళ్ళు వుండి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా మతం మారినవారు వేళ్ళమీద లెక్కించేటంత మందే. అమెరికాలో డబ్బు ఇచ్చేవాళ్ళకు ఓపిక నశించింది. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన వార్షిక సభలో నెల్లూరు కేంద్రాన్ని మూసివేయాలా అన్న చర్చ వచ్చింది. పటం మీద బర్మాలో కేంద్రాలను చూపే చుక్కలు చాలా వున్నాయి. తెలుగుదేశంలో నెల్లూరు ఒక్కటే. ఆ సభకు వచ్చిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే ఆయన ఆ ఒంటరి చుక్క మీద రాత్రికి రాత్రి పద్యాలు రాశాడు. మన పిల్లలు ఇక్కడి బడిలో పాడే 'అమెరికా' అనే దేశభక్తి గీతం రాసింది కూడా ఈయనే. ఆ పద్యాలు సభను కదిలించాయి, కేంద్రం నిలిచింది. అప్పటినుంచి దానికి 'లోన్ స్టార్ మిషన్' అని పేరు. ఆల్బనీలో కాపురం వుంటున్న మన మిత్రులలో ఎంతమందికి తెలుసు, వాళ్ళ ఊళ్ళో ఒకరోజు నెల్లూరు గురించి అంత వాదన జరిగిందని!

ఇక పుస్తకాల సంగతి. ఈ విషయంలో సేకరణ మొదలుపెట్టే వారికి పునాది వంటిది డేవిడ్ డౌనీ రాసిన 'ది లోన్ స్టార్'. ఆయన నెల్లూరులో చాలాకాలం పనిచేసిన మిషనరీ. మొదటి కూర్పు 1893లో ఫిలడెల్ఫియాలో అచ్చయింది. పెంచి రాసిన కూర్పు 1924లో వచ్చింది. రెండూ వుండటం మంచిది. మొదటి దానిలో వున్న ఉత్సాహం రెండవ దానిలో కొంత లెక్కల్లోకి దిగింది. రెండవది జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్'. 1910లో క్లౌ చనిపోయాక 1914లో మాక్మిలన్ వారు న్యూయార్క్‌లో వేశారు. ఆయన చెప్పగా రాసినది భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. మూడవది ఆమె స్వయంగా 1899లో వెలువరించిన 'వైల్ సూయింగ్ శాండల్స్'. అంటే 'చెప్పులు కుట్టుకుంటూ' అని చెప్పుకోవచ్చు. మాదిగవారు తమ గురించి తాము చెప్పుకున్న కథలను, మాతంగి కొలుపులను, గురువుల సంప్రదాయాలను విని రాసిన పుస్తకం అది. తరువాత 1909లో దక్షిణదేశపు కులాల మీద ఏడు సంపుటాలు వెలువరించిన థర్‌స్టన్ దొర కూడా ఈ పుస్తకం నుంచి తీసుకున్నాడు.

ఈ మూడింటినీ దగ్గర పెట్టుకుని చదివితే ఒక వింత కనిపిస్తుంది. రాసినవాళ్ళు చెప్పదలచుకున్నది ఒకటి, మనకు దొరికేది మరొకటి. ఒక ఉదాహరణ చూడండి. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర మతంలో చేరేవారికి పెట్టిన ముఖ్యమైన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. చదివే అమెరికన్‌కు ఇది మతవిషయం. మనకు మరో సంగతి తడుతుంది. పంట కోత రోజుల్లో రెడ్డిగారో కరణంగారో పిలిచినప్పుడు, ఆదివారం గనుక రాను అని ఒక మాదిగ పాలేరు 1860ల్లో అనటం ఎంత పెద్ద మాట! ఊరి జాతరలో డప్పు కొట్టను అనటం ఇంకా పెద్ద మాట. ఆ మాట అన్నందుకు పడిన దెబ్బలూ, బావి దగ్గరా అంగడి దగ్గరా ఎదుర్కొన్న కట్టుబాట్లూ, కోర్టుకెక్కిన తగాదాలూ ఆ పుస్తకాలలో వున్నాయి. వారానికి ఒకరోజు సెలవు అనే హక్కు కోసం మన పల్లెల్లో జరిగిన తొలి పోరాటాలలో ఇది ఒకటి అని మా అభిప్రాయం. మన చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక్క పేరా కూడా దొరకటం కష్టం.

ఆ మనుషులకు పేర్లు వున్నాయి. యర్రగుంట్ల పేరయ్య ఒకాయన. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. అంతకు ముందే యోగమార్గంలో గురువులను వెతుక్కుంటూ తిరిగి, తనవాళ్ళలో తాను ఒక గురువు అనిపించుకున్న మనిషి. తోళ్ళ బేరం మీద ఏలూరు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ మాట విని, ఒంగోలుకు దొర వస్తాడని తెలుసుకుని, 1866లో తానే వెతుక్కుంటూ వచ్చాడు. అంటే ఒంగోలు మతోద్యమానికి నాంది పలికింది క్లౌ దొర ఉపన్యాసం కాదు, పేరయ్య వెతుకులాట. ఈ సంగతి క్లౌ దొరే ఒప్పుకుని రాశాడు. అయినా ఈ దేశంలో ప్రచారానికి వేసిన చిన్న పుస్తకాలలో దొర బొమ్మ ముందు, పేరయ్య పేరు ఎక్కడో వెనక.

డాక్టర్లం కావటం వల్ల మాకు అన్నిటికన్న ముఖ్యంగా తోచింది కరువు సంగతి. 1876 నుంచి 1878 దాకా వచ్చినదాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. దక్షిణదేశంలో 50 లక్షలకు పైగా జనం పోయారని అంచనా. కరువు పనుల్లో కూలికి రిచర్డ్ టెంపుల్ దొర 1877లో నిర్ణయించిన బత్తెం రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ ఇది మనిషిని నిలబెట్టే తిండి కాదని గట్టిగా వాదించాడు. రోజంతా మట్టి తవ్వి మోసే మనిషికి ఒక పౌను గింజలు ఏ మూలకని మనలో ఏ డాక్టరైనా చెప్పగలడు. సర్కారు కాగితాలలో ఈ వాదం అంకెలుగా వుంది. క్లౌ దొర పుస్తకంలో అదే మనుషులుగా కనిపిస్తుంది.

క్లౌ దొర యువకుడిగా వున్నప్పుడు అమెరికా పశ్చిమ ప్రాంతాలలో సర్వేయరుగా పనిచేశాడు. ఆ విద్య ఒంగోలులో అక్కరకు వచ్చింది. ఇప్పుడు మనం బకింగ్‌హామ్ కాలువ అంటున్న దానిలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. తన తెలుగు ప్రచారకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పల్లెల నుంచి తరలివచ్చిన జనానికి అక్కడే గుడిసెలు వేయించి, తవ్వినవాళ్ళకు కూలి ఇప్పించాడు. జనం పారలు పట్టుకునేసరికే సగం చచ్చి వున్నారనీ, వెంట కలరా వచ్చిందనీ రాశాడు. డాక్టర్లకు ఇది కొత్త కాదు. తిండి లేని శరీరం, కలుషితమైన నీరు, ఒక్కచోట వేల జనం: ఈ మూడూ కలిస్తే ఏం జరుగుతుందో ఆ పేజీలు చదివితే పాఠ్యపుస్తకం అక్కరలేదు. చిన్నప్పుడు చీరాల వైపు ఆ కాలువ గట్టు మీద తిరిగిన వారు మన సంఘంలో కొందరున్నారు. ఆ గట్టు మట్టి ఎవరు మోశారో ఈ పుస్తకంలో వుంది.

కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని 1877లో కరువు నడుస్తూ వుండగా బాప్తిస్మాలు ఆపివేశామని క్లౌ రాశాడు. సాయం పంచటం ముగిసిందని ప్రకటించిన తరువాత 1878 జూన్‌లో తిరిగి మొదలుపెట్టారు. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె అమెరికాలో ఇంటింటా మారుమోగింది. డిసెంబరు ఆఖరుకు ఆ సంవత్సరపు లెక్క 9,606. ఇది ఆకలి చేసిన పనా, గౌరవం కోసం జరిగిన తిరుగుబాటా, నమ్మకమా అని చరిత్రకారులు ఇప్పటికీ తర్కిస్తూనే వున్నారు. మూడూ వుండి వుంటాయని మాకు తోస్తుంది. మనిషి ఒక్క కారణంతో ఇంత పెద్ద పని చేయడు. మాకు ఎక్కువ నచ్చిన వివరం వేరు. ఆరోజు నీళ్ళలో దిగి పని జరిపింది దొర కాదు. ఆరుగురు తెలుగు ప్రచారకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నిలబడ్డారు. 2,222 అన్న అంకె తెలిసిన వారికి కూడా ఈ ఆరుగురి సంగతి తెలియదు.

వైద్యవృత్తిలో వున్నవారికి మరికొన్ని పుస్తకాలు చెప్పాలి. గుంటూరుకు మొదట వచ్చిన లూథరన్ మిషనరీ హాయర్, 1842 జూలై 31న అక్కడ అడుగుపెట్టాడు. కొన్నేళ్ళకు అమెరికా తిరిగి వచ్చి, యాభై దాటిన వయస్సులో బాల్టిమోరులో వైద్యం చదివి 1847లో డాక్టరు పట్టా తీసుకుని మళ్ళీ బయలుదేరాడు. పల్నాడులో పనిచేశాడు. రాజమండ్రి కేంద్రం చేజారిపోతున్నదని విని, డెబ్బై అయిదు దాటిన తరువాత మూడవసారి ఓడ ఎక్కాడు. బోర్డు పరీక్షలు రెండోసారి రాయవలసి వస్తేనే మనం నిట్టూరుస్తాం! డ్రాక్, కూడర్ అనే ఇద్దరు 1914లో వెలువరించిన లూథరన్ తెలుగు మిషన్ చరిత్రలో రాజమండ్రి వైపు కథ దొరుకుతుంది.

రెండవవారు డాక్టర్ అన్నా కుగ్లర్. 1879లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుని 1883లో గుంటూరు వచ్చింది. డాక్టరుగా పంపటానికి మిషన్ వారు ముందు వెనుకాడి, జెనానా స్త్రీలకు చదువు చెప్పే పని అప్పగించారు. రోగులు మాత్రం ఆమె దగ్గరకు రావటం మానలేదు. 1885లో గాని వైద్యురాలిగా నియామకం రాలేదు. 1898లో ఆస్పత్రి తెరిచారు. గుంటూరులో చదువుకున్న వారెవరికీ కుగ్లర్ ఆస్పత్రి తెలియకపోదు. తన రాణికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు బహద్దూర్ ఆస్పత్రి పక్కన రోగుల బంధువులు దిగటానికి సత్రం కట్టించాడు. రోగితో పాటు ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి వచ్చే దేశంలో సత్రం కూడా వైద్యంలో భాగమేనని ఆయనకు తెలుసు. కుగ్లర్ రాసిన 'గుంటూరు మిషన్ హాస్పిటల్' 1928లో వచ్చింది. చిన్న పుస్తకం, కనిపిస్తే వదలవద్దు.

మూడవ డాక్టరు మదనపల్లెలో పనిచేసిన జేకబ్ ఛాంబర్లెయిన్. 'ఇన్ ది టైగర్ జంగిల్' 1896లో, 'ది కోబ్రాస్ డెన్' 1900లో వచ్చాయి. ఈ పేర్లు చూడగానే పుస్తకం ఎవరి కోసం రాశారో తెలిసిపోతుంది. పులి, పాము లేకపోతే ఇక్కడి ఆదివారపు బడి పిల్లలు చదవరు, వాళ్ళు చదవకపోతే చందా డబ్బాలో నాణెం పడదు. అసలు ఈ పుస్తకాలన్నిటినీ చదివేటప్పుడు ఈ ఒక్క సంగతి మరువరాదు. ఇవి డబ్బు ఇచ్చేవారికి రాసిన నివేదికలు. చీకటి ఎంత చిక్కగా చూపిస్తే దీపానికి అంత నూనె దొరుకుతుంది. అందువల్ల మన పండుగలనూ గుడులనూ కించపరిచిన పేజీలు వుంటాయి. చదివి చిరాకుపడి మూసేసిన మిత్రులు వున్నారు. మాది డాక్టరు పద్ధతి. రోగి తన బాధ చెప్పేటప్పుడు కొంత పెంచుతాడు, కొంత దాస్తాడు. అంతమాత్రాన అతన్ని వినకుండా పంపించం. ఏది పెంచాడో, ఏది దాచాడో కనిపెట్టి రోగం పట్టుకుంటాం. పులి కథ పక్కన పెడితే ఛాంబర్లెయిన్ రాసిన జ్వరాల సంగతి, గోదావరి వరదలో దారి తప్పిన సంగతి, 1863లో నైజాం రాజ్యం మీదుగా చేసిన ప్రయాణం ఇవన్నీ గట్టి సాక్ష్యాలే.

సేకరించదలచిన వారికి నాలుగు మాటలు. పాత జాబితాలలో తెలుగు అని వెతికితే సగమే దొరుకుతాయి. 'టెలూగూ', 'జెంటూ' అన్న పాత వర్ణక్రమాలతో కూడా వెతకాలి. శ్రీకాకుళాన్ని 'చికకోల్' అనీ, విశాఖను 'విజగపటం' అనీ రాసేవారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో వుండేది, కనుక ఒంగోలు సంగతులు నెల్లూరు కింద దొరుకుతాయి. బోస్టన్ నుంచి వెలువడిన 'బాప్టిస్ట్ మిషనరీ మ్యాగజైన్' సంపుటాలను గ్రంథాలయాలవారు చోటు చాలక వదిలించుకుంటూ వుంటారు. నెల్లూరు, ఒంగోలు ఉత్తరాలు మొదట అచ్చయింది అందులోనే. పుస్తకాలలో ఎక్కని సంగతులు ఆ ఉత్తరాలలో వుంటాయి.

వీటిలో చాలావాటికి ఇప్పుడు నకళ్ళు కంప్యూటరులో ఉచితంగా దొరుకుతాయి కదా, కాగితం ఎందుకు అని అడుగుతారు. చదవటానికి అవి చాలు, సంతోషమే. అయితే మడతపెట్టిన పటాన్ని విప్పకుండానే తీసిన నకళ్ళు మేము ఎన్నో చూశాము. పటంలోనే పల్లెల పేర్లు వున్నాయి. ఫోటోల కింద 'తెలుగు ప్రచారకుల బృందం' అని మాత్రమే అచ్చువేస్తే, తెలిసినవారెవరో పెన్సిలుతో పక్కన రాసిన పేర్లు మా దగ్గరున్న రెండు ప్రతుల్లో వున్నాయి. అచ్చు పుస్తకం ఇవ్వని పేర్లు ఆ పెన్సిలు గీతలు ఇచ్చాయి.

దాచటం కూడా వైద్యం లాంటిదే. 1870ల తరువాతి కాగితం చాలావరకు కొయ్యగుజ్జుతో చేసినది. అందులోని ఆమ్లమే దాన్ని తినేస్తుంది. అంతకు ముందరి గుడ్డపేలికల కాగితం వాటికన్న గట్టిగా నిలుస్తుంది. నేలమాళిగలో పెట్టవద్దు, చెమ్మ తగులుతుంది. చిరిగితే జిగురుటేపు అసలే అంటించవద్దు; పదేళ్ళలో పసుపు మరక మిగిల్చి అది వూడిపోతుంది. ఆమ్లం లేని పెట్టెలో, చల్లని చీకటి గదిలో పెడితే చాలు.

చివరికి వీటిని ఏం చేయాలి అన్నది మా ఇంట్లో నడుస్తున్న పెద్ద చర్చ. ఈ సందర్భంలో భూగోళానికి అటుచివర వున్న ఒక డాక్టరు మాకు ఆదర్శం. థామస్ హాకెన్ ఇంగ్లండులో పుట్టి 1862లో న్యూజిలాండులోని డ్యునీడిన్‌కు వలస వెళ్ళిన వైద్యుడు. రోగులను చూసుకుంటూనే మావోరీ జాతి గురించీ, తొలి మిషనరీల గురించీ వున్న పుస్తకాలు, ఉత్తరాలు, దినచర్యలు జీవితమంతా సేకరించాడు. 1814లో అక్కడ మొదటి క్రైస్తవ ప్రసంగం చేసిన శామ్యూల్ మార్స్‌డెన్ కాగితాలను లండను దాకా వెళ్ళి సంపాదించాడు. 1909లో న్యూజిలాండు గ్రంథాల సూచిక వెలువరించాడు. తన సేకరణ అంతా ప్రజలకు ఇచ్చివేశాడు. 1910 మార్చి 31న దాన్ని అందరికీ తెరిచారు. ఆ మే నెలలో ఆయన పోయాడు. మన క్లౌ దొర కూడా సరిగ్గా 1836లో పుట్టి 1910లో పోయినవాడే. ఒకరు చరిత్రలో పాత్ర, మరొకరు చరిత్రకు కాపలాదారు. ఇప్పుడు మావోరీలు తమ పూర్వుల భూముల సంగతి, మాటల సంగతి వెతుక్కునే చోట్లలో ఆ గ్రంథాలయం ఒకటి. పరాయివాళ్ళు తమ అవసరం కోసం రాసుకున్న కాగితాలు, ఎవరి గురించి రాశారో వారి చేతికి వచ్చాయి.

మన విషయంలో కూడా జరగవలసింది అదే. ఈ దేశంలో అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు చారిత్రక సంఘం, యేల్ విశ్వవిద్యాలయపు మిషన్ గ్రంథాలయం వంటి చోట్ల అసలు కాగితాలు భద్రంగా వున్నాయి. అవి అక్కడే వుండవచ్చు. కాని రెండేసి, మూడేసి వున్న పుస్తకాలు ఒంగోలుకు, నెల్లూరుకు, గుంటూరుకు చేరాలి. చీరాల దగ్గర వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం నడుస్తూ వుంది. అలాంటి గ్రంథాలయపు బల్ల మీద ఈ పుస్తకం తెరిచి వుంటే, పేరయ్య వంటి వారి మునిమనుమలు తమ ఊరి పేరు, తమ ఇంటి పేరు వేలు పెట్టి చదువుకోగలుగుతారు. మా ఇంటి బీరువాలో వుంటే చదివేది మేమిద్దరం.

మన సంఘం సభలలో రాయలవారి గురించీ, రుద్రమదేవి గురించీ మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవలసిందే. కాలువ గట్టు మోసినవారూ, ఆదివారం రాను అన్నవారూ కూడా మన చరిత్రలోని వారే. వారి కులం మనలో చాలామంది కులం కాదు గనుక, వారు పుచ్చుకున్న మతం మనలో చాలామంది మతం కాదు గనుక, ఆ పుస్తకాలు మనవి కావు అనుకుంటే, తెలుగువారి చరిత్ర నుంచి వేలమందిని మనమే కొట్టివేసినట్లు అవుతుంది.

మీ ఊళ్ళో చర్చివారు పాత పుస్తకాలు అమ్మకానికి పెట్టినప్పుడు ఒక అరగంట వెళ్ళి చూడండి. వెనక అట్టలో మడత పటం వుందేమో విప్పి చూడండి. అందులో మీ అమ్మమ్మగారి ఊరి పేరు కనిపిస్తే కొని దాచండి. మీకు చోటు లేకపోతే మాకు కబురు చేయండి, వచ్చి తీసుకుపోతాము. నెల్లూరుకో, వేటపాలేనికో పంపే పెట్టెలో దానికి చోటు చేస్తాము.